యూనిఫాం చూసి బండి కొనొద్దు

ఆన్‌లైన్‌లో ఎవరైనా మోసపోయారని వినగానే మన నోట వచ్చే మొదటి మాట... 'ఆశకు పోయి ఉంటాడు' అని. మా మావయ్య సంగతి తెలిశాక ఆ మాట అనడం మానేశాను.

మావయ్య ఖమ్మంలో టీచరుగా చేసి రిటైరయ్యారు. కూరగాయల ఖర్చు కూడా డైరీలో రాసుకునే మనిషి. కూతురు కాలేజీకి వెళ్లడానికి సెకండ్‌హ్యాండ్ స్కూటరు కోసం ఫోన్‌లో వెతుకుతుంటే ఓ ప్రకటన కనిపించింది. మూడేళ్ల బండి, 22 వేలు. అమ్మేది జవాను. కాశ్మీరుకు బదిలీ అయిందట, అందుకే తక్కువకు ఇచ్చేస్తున్నాడట. వాట్సాప్‌లో గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, యూనిఫాంలో దిగిన ఫొటో పంపాడు. 'బండి మా వాహనంలో మీ ఇంటికే వస్తుంది సార్, రవాణా ఖర్చు 3,150 వేయండి చాలు' అన్నాడు. మావయ్య వేశారు. మర్నాడు 'తిరిగిచ్చే డిపాజిట్' అంటూ మరో 8,500 అడిగాడు. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

'బండి చూశారా మావయ్యా?'

'కంటోన్మెంటులోకి బయటివాళ్లను రానివ్వరటమ్మా. అయినా సైనికుణ్ని అనుమానిస్తామా?'

ఫొటోలోని నంబరును ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూశాను. ఆ నంబరు స్కూటరుది కాదు, ఓ కారుది!

ఈ కథ కొత్తది కాదు. పోలీసులు ఏళ్లుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. జవాను పేరు మారుతుంది, బదిలీ అయ్యే ఊరు మారుతుంది, అంతే. మావయ్య పడిపోయింది చౌక ధరకు కాదు. సైన్యం అంటే ఆయనకున్న గౌరవాన్ని ఎవడో వాడుకున్నాడు.

ఆ గౌరవం ఉండాల్సిందే. బండి కొనేటప్పుడు మాత్రం పక్కన పెట్టాలి. కళ్లారా చూసి, నడిపి చూసేదాకా అడ్వాన్సనీ, రవాణా అనీ రూపాయి ఇవ్వొద్దు. ఆర్సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లను బండి మీదున్న వాటితో పోల్చుకోండి. ఫైనాన్స్‌లో కొన్న బండైతే బాకీ తీరినట్లు ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ అడగండి. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద యజమాని సంతకాలు కావాలి. వేరే రాష్ట్రం బండైతే అక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ తప్పనిసరి. 'డబ్బు తిరిగి పంపిస్తా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఇన్ని అడిగినా నిజంగా అమ్మేవాళ్లు నొచ్చుకోరు.

మావయ్యను డబ్బు కన్నా సిగ్గు ఎక్కువ బాధపెట్టింది. 'పోయింది మూడు వేలే కదా, ఇంట్లో చెప్పకు' అన్నారు. ఇలా ఎవరికివారు ఊరుకుంటేనే వాడు ఇంకొకరికి ఫోన్ చేయగలుగుతాడు. ఒప్పించి 1930కి ఫోన్ చేయించాను. సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ అదే నంబరు. ఎంత తొందరగా చెబితే, డబ్బు మరో ఖాతాకు దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

మావయ్య 3,150 తిరిగి రాలేదు. ఆ సాయంత్రం అత్తయ్యకు ఆయనే చెప్పారు. 'పోన్లెండి, ఆ ఎనిమిదిన్నర వేలు మిగిలాయి' అందట ఆవిడ.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఫోన్ చేతిలో పట్టుకుని ముభావంగా కూర్చుంటే 'ఎంత పోయింది?' అని నిలదీయకండి. 'ఎప్పుడు పంపారు?' అని అడగండి. వెంటనే 1930కి కలపండి.