లేహ్ చలికాలం: మంచు కాదు, నీళ్లే అసలు కథ

జనవరిలో లద్దాఖ్ వెళ్తున్నానంటే ఫ్రెండ్స్ అంతా ‘మంచులో రీల్ చెయ్ రా’ అన్నారు. తీరా లేహ్‌లో దిగితే మంచు అక్కడక్కడా మరకల్లా ఉంది, అంతే! ఇది సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న ఎడారి. వాన మబ్బుల్ని హిమాలయాలు అవతలే ఆపేస్తాయి. వాన, మంచు కలిపినా ఏడాదికి పడేది దాదాపు 100 మిల్లీమీటర్లే.

మధ్యాహ్నం ఎండలో జాకెట్ తీసేయాలనిపిస్తుంది. నీడలోకి అడుగేస్తే వణుకు. రాత్రయితే మైనస్ 15! సగం చార్జింగ్ ఉన్న ఫోన్ చేతిలోనే ఆఫ్ అయిపోయింది.

మొదటి రోజు పొద్దున కుళాయి తిప్పితే చుక్క రాలేదు. నీళ్లు గడ్డకట్టి పైపులు పగిలిపోతాయని చలికాలమంతా కట్టేస్తారట. ఒక బకెట్ వేడినీళ్లు అడిగి, హాయిగా స్నానం చేశా. బయటికొస్తే హోమ్‌స్టే అక్క రెండు క్యాన్లు మోసుకుంటూ, జారే గడ్డల మీద మెల్లగా నడిచొస్తోంది. నేను ఒలకబోసింది అలా మోసిన నీళ్లే! ఆమె ఏమీ అనలేదు. బుఖారీ పొయ్యి పక్కన కూర్చోబెట్టి, ఉప్పూ వెన్నా వేసిన టీ ఇచ్చింది.

మర్నాడు ఒక క్యాన్ నేనందుకున్నా. పది అడుగులకే ఆయాసం. ఇక ఉన్న నాలుగు రోజులూ స్నానం మాటే ఎత్తలేదు, తడిగుడ్డతో సరి. రీల్ మాత్రం చెయ్యలేదు. ఇంటికొచ్చాక కుళాయి తిప్పిన ప్రతిసారీ ఆ క్యానే గుర్తొస్తోంది.