పన్నీరు ద్రాక్ష పందిళ్ల కింద

కోయంబేడు మార్కెట్‌లో నల్లగా నిగనిగలాడే పన్నీరు ద్రాక్ష చూసి కిలో తూయించుకుంటాం. ఇంటికొచ్చి తింటే ఒక గుత్తి తీపి, ఇంకోటి పులుపు. జీతం డబ్బు పెట్టి కొన్నది పిల్లలు పక్కకు నెట్టేస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే తేని జిల్లా కంబం లోయకు వెళ్లాలి.

చెన్నైలో రాత్రి బస్సెక్కితే తెల్లారాక అక్కడ దిగొచ్చు. పడమటి కనుమల కింద, 1895లో పూర్తయిన పెరియార్ ఆనకట్ట నీళ్లతో పచ్చబడిన నేల అది. సురుళిపట్టి, గూడలూరు దారుల్లో ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఆ జిల్లాలో చాలానే ఉన్నాయి. కంబం పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

చలి దేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. అందుకే అక్కడ ఏడాదికి ఒకటే పంట. ఇక్కడ అంత చలి లేదు. కొమ్మ కత్తిరిస్తేనే కొత్త చిగురు, పూత. కత్తిరించిన సుమారు నాలుగు నెలలకు కోత. ఒక్కో తోటలో ఒక్కో నెల కత్తిరిస్తారు కాబట్టి ఏడాది పొడుగునా కాయ దొరుకుతుంది.

పండు రుచి తేలేది ఆ నాలుగు నెలల్లోనే. కాయలోకి చేరే చక్కెర తయారయ్యేది ఆకులో. గుత్తులు ఎక్కువుంచితే ఉన్నది అన్నిటికీ చాలదు, రంగూ తీపీ సగంలో ఆగిపోతాయి. ఆకు మరీ దట్టమైతే గాలాడక తెగులు పడుతుంది. కోత ముందు నీళ్లు తగ్గించాలి. అప్పుడు వాన పడిందా, కాయ పగిలిపోతుంది.

తూకానికే డబ్బొచ్చే రైతుకు గుత్తులు తీసి పారేయాలంటే చెయ్యాడదు. పైగా నల్లబడితే చాలు, కోసేయమని దళారి తొందర. కానీ రంగు ముందొస్తుంది, తీపి తర్వాత నిండుతుంది. మామిడిలా, అరటిలా ద్రాక్ష కోసిన తర్వాత మాగదు. పత్తి నాసిరకమైతే మగ్గం దగ్గర ఎంత తంటాలు పడినా గుడ్డ బాగుపడదు కదా, ఇదీ అంతే.

కాబట్టి కొనేటప్పుడు రంగొక్కటే చూడకండి. గుత్తి చివరి కాయ అడిగి రుచి చూడండి. అది అన్నిటికన్నా ఆలస్యంగా పండుతుంది. అదే తీపిగా ఉంటే గుత్తంతా తీపే. కాడ పచ్చగా ఉంటే తాజా సరుకు. కాయ మీద పలచటి తెల్లపొడి చాలావరకు దాని సహజమైన మైనమే. భయం లేదుగానీ, కడిగే తినండి.