రోజుకొక అరఠావు

రచయిత కావాలన్న కోరిక చదువుకునే వయస్సులో ఎన్నడూ కలగని వారు అరుదు. కళాశాల వార్షిక సంచికకు రచనలు పంపవలసినదిగా ప్రకటన వెలువడిన మరునాటి నుండి ఆ కోరిక అంటువ్యాధి వలె వ్యాపిస్తుంది. గేయమో, వ్యాసమో, చిన్న కథో పట్టుకొని విద్యార్థులు అధ్యాపకుల గది చుట్టూ తిరుగుతారు. సంచిక అచ్చయిన రోజున తమ పేరు తాము చూచుకొని మురిసిపోతారు. ఆ తరువాత కలం మూత పడుతుంది. మరల సంవత్సరం తిరిగి వచ్చే దాకా తెరుచుకోదు. మూడేళ్ళ డిగ్రీ చదువులో మూడు రచనలు, పట్టా పుచ్చుకున్న పిమ్మట అవీ లేవు. కొన్ని సంవత్సరాలుగా తెలుగు విభాగపు రచనలను పరిష్కరిస్తున్న మాకు వీరిలో కొరవడినది ప్రతిభ అని ఎన్నడూ తోచలేదు. కొరవడినది దినచర్య.

తెలుగులో కేవలం కలాన్ని నమ్ముకొని ఇల్లు గడుపుకున్నవారు కొద్దిమందే. అందుచేత రచయిత కాదలచినవాడు మొదట తేల్చుకోవలసినది తనకు ప్రతిభ ఉన్నదా లేదా అన్న ప్రశ్న కాదు. బ్రతుకు తెరువు కోసం చేసే పనికీ, ఇంటి బాధ్యతలకూ నడుమ రోజులో ఏ గంట తనకు దక్కుతుందో, ఆ గంటలో ఎంత పని చేయగలడో తేల్చుకోవాలి. లోకంలో పేరు పొందిన రచయితలలో పలువురు ఈ లెక్క సరిచూచుకొన్నవారే.

ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ 1834లో తపాలా శాఖలో గుమాస్తాగా చేరి 1867 దాకా ఆ శాఖలోనే పనిచేశాడు. ఉద్యోగానికి వెళ్ళబోయే ముందు, ఉదయం ఐదున్నర గంటలకే బల్ల ముందు కూర్చుండి మూడు గంటలు రాసేవాడు. ఆ వేళకు నిద్రలేపి కాఫీ అందించినందుకు ఒక ముసలి నౌకరుకు ఏటా 5 పౌనులు అదనంగా ఇచ్చేవాడు. మొదటి అరగంట అంతకు ముందు రాసినది చదువుకోవటం; ఆ పైన గడియారం ఎదుట పెట్టుకొని పావుగంటకు 250 మాటల చొప్పున రచన సాగించటం. ఈ పద్ధతిలో ఆయన 47 నవలలు పూర్తి చేశాడు. మరణానంతరం 1883లో వెలువడిన స్వీయచరిత్రలో ఈ సంగతి బయటపడగా, గడియారం చూచి రాసినవాడు కళాకారుడెట్లా అవుతాడని కొందరు విమర్శకులు ముఖం చిట్లించారు. పాఠకులు మాత్రం ఆ నవలలను నేటికీ విడువలేదు.

మన దేశానికి వస్తే, ధనపత్ రాయ్ అనే బడిపంతులు పాఠశాలల తనిఖీ ఉద్యోగంలో ఊరూరా తిరుగుతూనే నవాబ్ రాయ్ అన్న పేరుతో ఉర్దూలో కథలు రాశారు. 1908లో వెలువడిన ఆయన కథల సంపుటి 'సోజె వతన్'ను ప్రభుత్వం రాజద్రోహకరమని ఎంచి ప్రతులను స్వాధీనం చేసుకుంది. ఆయన పేరు మార్చుకున్నారు గాని పని మానలేదు. 1910 నుండి లోకానికి ఆయన ప్రేమ్‌చంద్. 1921లో గాంధీజీ పిలుపునందుకొని సర్కారు కొలువు వదిలేనాటికే ఉర్దూ, హిందీ భాషలు రెండింటిలోనూ రచయితగా నిలదొక్కుకున్నారు. 1936లో కన్నుమూసేనాటికి సుమారు 300 కథలు రాశారు. తీరిక దొరికిన తరువాత రాద్దామని ఆయన కూర్చున్నట్లయితే ఆ కథలు మనకు దక్కేవి కావు.

తీరిక దండిగా ఉన్నవారికి సైతం వేళ అవసరమే. 1942 ఆగస్టులో నిర్బంధితులై అహ్మద్‌నగర్ కోటలో ఉన్న మౌలానా అబుల్ కలాం ఆజాద్ తెల్లవారకముందే లేచి, తన టీ తానే కాచుకొని, పంపే వీలు లేని లేఖలను మిత్రుని పేర రాస్తూ పోయారు. అవే 1946లో 'గుబారె ఖాతిర్' అన్న గ్రంథమైనాయి. బందీకి కాలానికి కొదువ లేదు. గడువు పెట్టే సంపాదకుడు లేడు. ఎదురుచూచే పాఠకుడూ లేడు. అయినా ఆ వేకువ వేళను ఆయన తనకు తానై ఏర్పరచుకున్నారు.

ఇక లక్ష్యం ఎట్లాంటిదై ఉండాలి? ఈ సంవత్సరం ఒక కథ పత్రికలో అచ్చు కావాలి, ఒక పోటీలో బహుమతి రావాలి అన్నవి లక్ష్యాలుగా తోస్తాయి గాని, అవి ఇతరుల చేతిలోనివి. సంపాదకుని అభిరుచిని మనం శాసించలేము. ఈ రోజు ఒక పుట రాయాలన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోనిది. కనుక దినలక్ష్యాన్ని ఫలితంతో కాక పనితో కొలవాలి. ఆంగ్లేయులు మాటలు లెక్కించుకొంటారు. తెలుగులో ఆ కొలత అంతగా పొసగదు. 'ఇంటికి వెళ్ళిపోదామనుకుంటున్నాను' అన్నది చూపుకు రెండే మాటలు. ఇంగ్లీషులో అది అయిదారు మాటలవుతుంది. సంధులతో, ప్రత్యయాలతో పెరిగే మన భాషకు పుట లెక్కే నయం. అందుకే మేము అరఠావును కొలతగా పెట్టుకున్నాము.

వారానికి ఆరు రోజులు, రోజుకు అరఠావు మీద ఒక పుట. సంవత్సరానికి 312 పుటలు. పండుగలకు, జ్వరాలకు, పరీక్షలకు, బంధువుల రాకపోకలకు 62 తీసివేద్దాం. 250 పుటలు మిగిలాయి. వాటిలో సగం పనికిరావని చింపివేసినా 125 నిలుస్తాయి. కథకు ఎనిమిది పుటలు వేసుకొంటే పదిహేను కథలు, అనగా ఒక చిన్న సంపుటి. ఈ గణితంలో మాయ ఏమీ లేదు. మాయ అంతా ఏ రోజుకు ఆ రోజు కూర్చోవటంలోనే ఉంది.

మా వీధిలోని కిరాణా దుకాణదారు రాత్రి తలుపులు వేసే ముందు చిట్టా రాయకుండా ఇంటికి వెళ్ళడు. బేరం బాగా జరిగిన రోజైనా రాస్తాడు, జరగని రోజైనా రాస్తాడు. రచనకు కూడా అట్లాంటి చిట్టా ఒకటి ఉండటం మేలని మా అనుభవం. ఫజర్ నమాజు ముగిసినప్పటి నుండి ఇంట్లో పిల్లలు మేలుకొనే దాకా మాకు దక్కేది ముప్పావు గంట. ఆ వ్యవధిలో జరిగినదంతా మూడు గడులలో నమోదు చేస్తాము: తేదీ, కూర్చున్న వేళ, రాసిన పుటలు. ఖాళీగా మిగిలిన తేదీలూ అందులో ఉన్నాయి. చిట్టా మనలను మెచ్చుకోదు, తిట్టదు. నిన్న ఏమి జరిగిందో మాత్రం చెబుతుంది. ఇటీవల ఆ చిట్టాలో నాలుగవ గడి ఒకటి చేరింది. దానిని మాకు నేర్పినది ఒక విద్యార్థిని.

ఆమె కళాశాల నుండి ఇంటికి వెళ్ళిన తరువాత తల్లితో కలిసి బీడీలు చుట్టేది. దినచర్య గురించి తరగతిలో మేము చెప్పినదంతా విని, "సార్, వెయ్యి బీడీలయ్యే దాకా చాట ముందు నుంచి లేవటానికి లేదు. కథ రాసే టైము ఎక్కడిది?" అని అడిగింది. ఈ ప్రశ్నకు ట్రోలప్ జవాబు చెప్పలేడు. ఆయనను నిద్రలేపటానికి నౌకరు ఉన్నాడు. కథ సంగతి తలపెట్టక, చుట్టుపక్కల ఆ రోజు విన్న మాటనో, చూచిన పనినో పడుకోబోయే ముందు మూడు వాక్యాలలో రాసుకొమ్మని మాత్రం చెప్పాము. రెండు నెలల తరువాత ఆమె నోటుపుస్తకం తెచ్చి చూపింది. అందులో ఒకచోట ఇట్లా ఉంది: తునికాకును రాత్రే తడిపి గుడ్డలో చుట్టి పెట్టకపోతే తెల్లవారి కత్తెరకు లొంగక పగిలిపోతుంది, రేపటి వెయ్యి ఈ రాత్రి తడిలోనే ఉన్నదని అమ్మీ అంటుంది.

ఆ మూడు వాక్యాలకు మించిన పాఠాన్ని మేము రచనాశాస్త్ర గ్రంథాలలో చదువలేదు. అమెరికన్ రచయిత హెమింగ్వే తరువాత ఏమి జరుగనున్నదో తనకు తెలిసి ఉండగానే ఆ నాటికి రాయటం ఆపేవాడు. మరునాడు ఎండిన ఆకుతో కుస్తీ పట్టవలసిన అవసరం ఉండేది కాదు. ఆ అమ్మాయి తల్లికి ఈ రహస్యం బీడీల పనిలోనే తెలుసు. నాటి నుండి మా చిట్టాలో నాలుగవ గడి వెలిసింది. రేపు ఎక్కడ మొదలుపెట్టాలో అందులో ఒక్క వాక్యం రాసి లేస్తాము.

అయితే బీడీల లెక్కకూ పుటల లెక్కకూ ఉన్న భేదాన్ని మరువరాదు. వెయ్యి అన్న లెక్క పని ఇచ్చే టేకేదారుది. కట్టకు ఇరవై అయిదు చొప్పున నలభై కట్టలు అప్పగించాలి. వంకరగా ఉన్నవి తీసి పారేస్తే ఆ నష్టం చుట్టినవారిదే. వేళ్ళు నొచ్చినా, నడుము పట్టినా ఆ లెక్క తగ్గదు. రచయిత లెక్క రచయిత పెట్టుకున్నది. దానిని కూడా టేకేదారు లెక్కగా మార్చుకొని తనను తాను హింసించుకోవటం తగదు. లక్ష్యానికి రెండు మెట్లు ఉండాలి. మామూలు రోజుకు ఒక పుట. కష్టపు రోజుకు మూడు వాక్యాలు. రంజాన్ మాసంలో తరావీహ్ ముగిసి ఇల్లు చేరి, మరల సహర్‌కు లేవవలసిన వేళలో పుట నింపటం అందరికీ సాధ్యం కాదు. మూడు వాక్యాలు సాధ్యమే. స్వల్పమైనా నిరంతరంగా సాగే సత్కార్యమే అల్లాహ్‌కు ప్రియమైనదన్న భావం హదీసులలో ఉన్నది. సాధన మహిమను చెప్పిన వేమన పద్యం మన బడిపిల్లలందరికీ కంఠస్థమే. రెండు సంప్రదాయాలూ చెప్పినది ఒక్కటే.

ప్రతిదినం రాసినంత మాత్రాన ప్రతిదీ అచ్చు వేయించాలని అర్థం కాదు. విశాఖపట్నంలో గణిత ఉపాధ్యాయుడుగా జీవితం గడిపిన కాళీపట్నం రామారావు గారు పుటల రాశితో పేరు పొందినవారు కారు. 'యజ్ఞంతో తొమ్మిది' అన్న ఒక్క సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. నిత్యం రాసేది చేతికి సాధన. లోకానికి ఇచ్చేది అందులో ఏరి తీసినది.

ఉర్దూలో ఈ సాధనను మష్క్ అంటారు. వెనుకటి రోజులలో దస్తూరీ నేర్చే కాతిబ్ కలం పాళీ వెడల్పుతో చుక్కలు వేసి వంపును కొలుచుకొంటూ ఒకే అక్షరాన్ని పదేపదే రాసేవాడు. తఖ్తీ నిండగానే కడిగి, ముల్తానీ మట్టి పూసి, ఆరబెట్టి మరల మొదలుపెట్టేవాడు. తెలుగు బడిలో పలక మీద ఓనమాలు దిద్దిన పిల్లవాడు చేసినదీ అదే. మన భాషలో 'దిద్దు' అన్న మాటకు రెండర్థాలు ఉండటం గమనించదగినది: ఉన్న అక్షరం మీద మరల రాయటం ఒకటి, తప్పును సవరించటం రెండవది. రచయిత దినచర్యలో రెండింటికీ చోటు ఉండాలి. ఆవేశం వచ్చినప్పుడే రాస్తామనేవారికి మా మనవి ఒక్కటే. ఆవేశం వచ్చే అతిథే గాని, అది వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఇంత శ్రమ దేనికని విద్యార్థులు అడగవచ్చు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా గారు (1885–1945) వంటి ముస్లిం కవులు తెలుగు పద్యంలో ఏనాడో పేరెన్నిక గన్నారు. కాని ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు చదివే మన వాడల జీవితం, అందులోని యాసతో, ఆకలితో, హాస్యంతో తెలుగు వచనంలోనికి విరివిగా రావటానికి చాలాకాలం పట్టింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం వెలువడినప్పుడు ఇంతకాలం ఈ మాటలు ఎక్కడ ఉన్నాయని ఆశ్చర్యపడినవారు ఎందరో. అవి ఇళ్ళలోనే ఉన్నాయి. రాసుకున్నవి నిలిచాయి, రాయనివి పెద్దలతోనే వెళ్ళిపోతున్నాయి.

బీడీలు చుట్టిన ఆ విద్యార్థిని తొలుత రాసిన కథలో మేడ, కారు, ఎడబాసిన ప్రేమికులు ఉండేవారు. రెండు నెలల మూడేసి వాక్యాల నుండి నాలుగు పుటల కథ ఒకటి రూపొందింది. అందులో చాట ఉంది, కత్తెర ఉంది, తల్లి దగ్గు ఉంది. ఆమె నోటుపుస్తకంలో ఖాళీ తేదీలు చాలానే ఉన్నాయి. వెయ్యి లెక్క ఆమెను వదలలేదు. అయినా తన ఇంటి మాటకు కథలో చోటున్నదని ఆమెకు తెలిపినది మా బోధన కాదు, ఆ దినచర్య. పెళ్ళయి ఊరు విడిచి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాన్ని తన సామానులో పెట్టుకొని వెళ్ళింది.

కనుక రచయితలు కాదలచిన యువతీ యువకులు మంచి రోజు కోసం చూడనవసరం లేదు. గీతల నోటుపుస్తకం ఒకటి కొనుక్కోవాలి. రోజులో తమకు దక్కే వేళ ఏదో నిజాయితీగా లెక్క చూచుకొని, పై మూలన తేదీ వేయాలి. వీలైతే ఒక పుట, కాకుంటే మూడు వాక్యాలు రాయాలి. లేవబోయే ముందు రేపటి ఆకును తడిపి పెట్టాలి.