సూది పడని కుక్కలు

జులై 6న కడప జిల్లాలో ఏ పశువైద్యశాలకు పోయినా ఎనుముల కంటే కుక్కలే ఎక్కువ కనబడతాయి. 1885లో అదే తేదీన పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి టీకా వేయించాడు. దానికి గుర్తుగా ఏటా జూనోసిస్ దినం జరుగుతుంది. ఆ రోజు ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంది.

మేం వెళ్లిన మండల కేంద్రంలో తొమ్మిది కొట్టకముందే గేటు దగ్గర సందడి మొదలైంది. బైకు ట్యాంకు మీద కూర్చుని ఒక పగ్ వచ్చింది, ఆటోలో రెండు పొమేరియన్లు దిగాయి. ఎర్రటి నాటుకుక్కను ఇద్దరు పిల్లలు చీర పేలికతో లాక్కొచ్చారు. వేపచెట్టు కింద బల్ల, దాని మీద ఐస్ పెట్టె, పక్కన కార్డులు రాసే యువకులు. ప్రొద్దుటూరులో 2008 నుంచి పశువైద్య కళాశాల ఉండడం ఈ ప్రాంతానికి కలిసొచ్చింది. ఇలాంటి శిబిరాలకు సాయం పట్టడానికి చదువుకునే పిల్లలు దొరుకుతారు. "మూతి గట్టిగ పట్టుకోబ్బీ, తోక కాదు" అని అటెండరు అరుస్తుంటే, డాక్టరు మెడ మీద చర్మం పైకి లాగి ఒక మిల్లీలీటరు మందు ఎక్కించేస్తున్నాడు. కుక్క తిరిగి చూసేలోపు పని అయిపోతోంది.

ఫొటోలన్నీ పగ్‌కే తీశారు. నిజానికి దానికి రేబిస్ సోకే అవకాశం ఆ వరసలో అన్నిటికంటే తక్కువ. అది గడప దాటేది బహుశా ఏడాదిలో ఆ ఒక్క రోజే.

గేటు బయట గోడ నీడన ఇంకో కుక్క పడుకుని ఉంది. ఎవరిదని అడిగితే ఎదురింటి అవ్వ చెప్పింది: "మాదేం కాదు నాయనా. రాత్రిపూట వాకిట్లో పండుకుంటాది, రోంత సంగటి ఏస్తాం, అంతే." రాయలసీమ ఊళ్లలో చాలా కుక్కల సంగతి ఇదే. అన్నం పెట్టే ఇల్లు ఉంటుంది, తాడు కట్టి ఆసుపత్రికి తెచ్చే మనిషి ఉండడు. వీధిదీ కాదు, ఇంటిదీ కాదు. ఉచిత టీకా గోడకు అవతల ఉంది, కుక్క ఇవతల.

రేబిస్‌ను అదుపు చేయాలంటే ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి, అదీ తక్కువ రోజుల్లో, టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కుక్కల బతుకు చిన్నది. ఏటా కొత్త పిల్లలు పుట్టుకొస్తూ, టీకా పడ్డవి చచ్చిపోతూ ఉంటే ఆ శాతం దానంతటదే కరిగిపోతుంది. కాబట్టి ఏటా మళ్లీ వేయాల్సిందే. మెక్సికో 1990 నుంచి ఇలా ఉచిత టీకా వారాలు నడిపి, కుక్కల ద్వారా మనుషులకు రేబిస్ సోకని మొదటి దేశంగా 2019లో గుర్తింపు పొందింది. కానీ అక్కడ కుక్కను శిబిరానికి తెచ్చే యజమానులు ఉన్నారు. మన దగ్గర శిబిరమే కుక్క దగ్గరికి పోవాలి.

అలా పోయి చూపించింది గోవా. 2013లో బ్రిటిష్ పశువైద్యుడు లూక్ గ్యాంబుల్ మొదలుపెట్టిన మిషన్ రేబిస్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి వలలు పట్టుకుని వీధి వీధీ తిరిగింది. దేశదేశాల నుంచి వలంటీర్లు వచ్చారు. టీకా వేసిన ప్రతి కుక్కకూ రంగు గుర్తు, ఏ సందులో వేశారో ఫోన్ యాప్‌లో నమోదు. ఏటా సుమారు 95,000 కుక్కలకు సూది పడేసరికి 2018, 2019లలో అక్కడ రేబిస్‌తో ఒక్క మనిషీ చనిపోలేదు. అయితే గోవా మొత్తం కలిపినా విస్తీర్ణంలో కడప జిల్లాలో దాదాపు మూడో వంతే.

మనుషుల వైపు లెక్క ఇంకా బరువుగానే ఉంది. దేశంలో ఏటా సుమారు 5,700 మంది రేబిస్‌తో చనిపోతున్నారని భారత వైద్య పరిశోధన మండలి ఇటీవలి అంచనా. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. కరిచిన వెంటనే సబ్బూ నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి టీకా మొదలుపెడితే దాదాపు ఎవరూ చావనక్కర్లేదు. అయినా గాయానికి సున్నమో కారమో పెట్టి, పసరు మందుకు పరిగెత్తే ఇళ్లు ఉన్నాయి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం కూడా ఇంకా పోలేదు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత సెంపుల్ టీకాను దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటివి చేతికి వేసే కొన్ని సూదులే.

సాయంత్రం ఊరి బయట కోసిన చేలో గొర్రెల మంద దిగి ఉంది. ఎరువు కోసం రైతులు పొలంలో మంద పెట్టించుకోవడం కడప, కర్నూలు వైపు పాత అలవాటు. మందకు కాపలా మూడు కుక్కలు. నక్కలతో, ఊరకుక్కలతో ముందు తలపడేవి ఇవే, కాబట్టి కాటు పడేదీ ముందు వీటికే. తర్వాత ఆ నోళ్లు కాపరి పిల్లల చేతుల్లో ఉంటాయి. టీకా ఏమైనా వేయించారా అంటే కాపరి నవ్వాడు. "గొర్రెలకైతే డాక్టరే వస్తాడు సార్. కుక్కకు ఎవురొస్తారు?"

ఆ మాటలోనే దారి ఉందని నాకనిపిస్తుంది. గొర్రెలకు వేసే చిటుకు రోగం టీకా వానలకు ముందు మంద దగ్గరికే నడిచి వస్తుంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సిన మందును ఆ ఎండలో ఐస్ పెట్టెలో మోసుకొచ్చే సిబ్బంది ఉన్నారు, గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులున్నారు. గొర్రెలకు సూది వేస్తున్నంతసేపూ కుక్కలు అక్కడే నాలుక చాపుకుని కూర్చుంటాయి, పట్టుకోవడానికి వల కూడా అక్కర్లేదు, కాపరి పిలిస్తే వస్తాయి. అదే పెట్టెలో రేబిస్ మందు సీసాలు కొన్ని ఉంటే సరిపోతుంది. ముందుగా ఆ సహాయకులకు కాటు పడకముందే వేసే మూడు డోసులు పడాలి, అది వేరే ఖర్చు.

మరి టీకా పడిన కుక్క ఏదో ఎలా తెలుస్తుందని అడిగాను. కాపరి తన గొర్రెల వీపు మీది ఎర్ర రంగు చూపించాడు. డబ్బాలో ఇంకా మిగిలి ఉందట.