ధృతరాష్ట్రుడి వేషం వద్దన్నాడు

మన నాటకాల్లో అంధుడి వేషం కట్టడం యెంత సులువో చూశారా? కళ్లు పైకి తిప్పి, చేతులతో గాలిని తడిమితే చాలు, ధృతరాష్ట్రుడు తయారు. నేనెరిగిన అంధులెవ్వరూ అలా తడుముకోరు. వాళ్లింట్లో చెంబు యెక్కడున్నదీ వాళ్లకు తెలిసినంతగా, మనింట్లోది మనకు తెలియదు.

నిజంగా చూపులేని నటుడు దొరికినా అతనికీ ఆ వేషమే అంటగడతాం. మన్నా డేకు పినతండ్రి, 1962లో కాలం చేసిన కృష్ణచంద్ర డే చిన్నతనంలోనే చూపు పోగొట్టుకున్నాడు. కలకత్తా రంగస్థలం మీద పాడి పేరు తెచ్చుకున్నాడు. 1935లో వచ్చిన ‘ధూప్ ఛావోఁ’ చిత్రంలో సూరదాసు అయ్యాడు. అంతటి విద్వాంసుడు గదా, తెరమీద ఆయన అనగానే గుర్తొచ్చేది మాత్రం అంధగాయకుడే!

ఇజ్రాయెల్‌లోని జాఫా రేవులో ‘నలగాత్’ అనే నాటక సంఘం వున్నది. చూపూ వినికిడీ రెండూ లోపించిన 11 మంది నటులతో 2007లో వాళ్లొక నాటకం మొదలుపెట్టారు. వేదికమీదనే పిండి పిసికి రొట్టెలు కాల్చేవారు. రంగం మారేటప్పుడు డోలు మోగేది. వినడానికి కాదు, ఆ అదురు వొంటికి తగలడానికి. ఆట ముగిసేసరికి రొట్టె కాలేది. ప్రేక్షకులు వేదికెక్కి తినేవారు.

ఈ సంగతి మా కాలేజీలో చూపులేని కుర్రాడొకడికి చెప్పాను. వాడిది కంచుగొంతు. వార్షికోత్సవానికి రాయబారం వేస్తూ మా పెద్దలు వాడికి ధృతరాష్ట్రుణ్ణి ఖాయం చేసి వున్నారు.

“అది వద్దు మాస్టారూ, కృష్ణుణ్ణి ఇప్పించండి” అన్నాడు.

ఇప్పించాను. వేదిక అంచుకు మూరెడు ఇవతల కొబ్బరితాడు పరిపించి, పైన జంపఖానా వేయించాడు. పాదానికి తాడు తగిలితే ఆగుతాడన్నమాట. హార్మోనియం యెడమవైపునే వుండాలన్నాడు; వాడికదే దిక్కు. దుర్యోధనుణ్ణి మాత్రం జాగా మారినప్పుడల్లా గద నేలకు తాటించమన్నాడు. మా దుర్యోధనుడికి అంతవరకూ లేని దర్పం దానితో వచ్చింది!

“అబ్బాయికి చూపు లేదని మైకులో ముందే చెబుదాం, జనం మెచ్చుకుంటారు” అన్నారొక పెద్దమనిషి.

“ఆటయ్యాక చెప్పండి. ముందే చెబితే పద్యం వినరండీ, నన్ను చూస్తారు.”

నేను వాడి పక్షమే మాట్లాడాను. మైకు మూగపోయింది.

ఆ రాత్రి మొదటి పద్యానికి వన్స్‌మోర్ పడింది. రెండోదానికి పడలేదు, రాగం కాస్త జారింది మరి. తెర దించగానే, కిరీటమైనా తీయకుండా, హార్మోనియం ఆయన్ని నిలదీశాడు: “రెండోది యెక్కడ జారిందండీ?”