కొత్త బండికి వ్యాక్స్ పూసే ముందు తొట్టి చూడండి

దసరాకి తీసుకున్న పికప్ ఫోటో పెట్టినప్పటి నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, బండికి ఏం పూశావు, అద్దంలా మెరుస్తంది?" అని. మొన్న పత్తి వేసుకుపోయినప్పుడు మిల్లు దగ్గర కూడా ఇద్దరు బానెట్ మీద చెయ్యి పెట్టి నిమిరి చూశారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. కాస్త పొడుగవుద్ది, ఏమనుకోవద్దు.

ఏం పూశానో చెప్పేముందు పాత బండి సంగతి చెప్పాలి. అది దాచిపెట్టి ఇది చెబితే సగం అబద్ధం చెప్పినట్టే.

పాతది 2016లో తీసుకున్న చిన్న గూడ్స్ బండి. (మన వైపు ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించేదే కాబట్టి నేను బండి అనే అంటా.) తెల్ల రంగు. దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని పాలిష్ కొట్టేవాణ్ణి. గుడ్డకి తెల్లగా అంటుకుంటుంటే మురికి పోతంది అనుకుని ఇంకా గట్టిగా రుద్దేవాణ్ణి. అది మురికి కాదు, బండి రంగే. ఈ సంగతి ఎనిమిదేళ్ల తర్వాత ఒక పెయింటర్ చెబితే గానీ తెలియలేదు. అయినా చూసినోళ్లంతా "ఎనిమిదేళ్ల బండిలా లేదయ్యా" అంటుంటే లోపల పొంగిపోయేది.

తొట్టిలో మాత్రం బండి కొన్న నెలలోనే రబ్బరు మ్యాట్ వేసేశా, గీతలు పడకుండా. వేసినవాణ్ణి మళ్లీ ఎత్తి చూసింది లేదు. దాని మీదే పొటాష్ బస్తాలు, ఇరవై-ఇరవై బస్తాలు, మందు కలిపే డ్రమ్ములు, మంచుకు తడిసిన మిరపకాయ గోతాలు, అన్నీ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు బండి చేలో దిగబడిపోయి నాలుగు రోజులు అక్కడే ఉంది. వాన వెలిశాక బయటికి లాగి, వారం తిరక్కుండానే కడిగి, పాలిష్ కూడా కొట్టా. పైన.

2024 ఫిబ్రవరి, రెండో కోత. చేలో నుంచి కళ్లానికి కాయ తోలుతున్నాం. మా దగ్గర పన్నెండేళ్లుగా పనికొచ్చే అక్క ఒకామె తొట్టిలో నిలబడి కింద నుంచి అందించే గోతాలు లోపలికి లాగుతంది. ఉన్నట్టుండి ఫట్‌మని చప్పుడు, ఆమె కేక. మ్యాట్ చీలి, కింద రేకు విరిగి, కాలు మోకాలి కింద దాకా దిగిపోయింది. పైకి లాగబోతే తుప్పు రేకు అంచు పిక్కని కోసింది. ఆ మ్యాట్ ఎత్తి చూస్తే కింద రేకు లేదండీ. అప్పడంలా ఉంది. బూటు కాలితో తంతే పెచ్చులూడింది.

తొమ్మిది కుట్లు పడ్డాయి. రెండు నెలలు నడుం వంచి కోత కొయ్యలేకపోయింది, సీజన్ మొత్తం పోయింది. చివర్లో కూర్చుని తాలుకాయలు ఏరడానికి మాత్రం వచ్చింది. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నా. కూలి మాత్రం ఒక నెలదే ఇచ్చా. రెండు నెలలది ఇవ్వాల్సింది. ఆ రోజు ఆటోలో ఎక్కిస్తుంటే ఆమె అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "పైన అంత బాగుంది కదా తమ్ముడూ." ఎత్తిపొడుపుగా అన్లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

ఇప్పుడు రంగు, తుప్పు సంగతి.

ఫ్యాక్టరీలో బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి మొదటి పూత ఎక్కిస్తారు. చెయ్యి పట్టని మూలల్లోకి కూడా అది పోద్ది. దానిమీద ప్రైమర్, దానిమీద రంగు, కొన్ని బండ్లకు పైన నీళ్లలాంటి క్లియర్ కోటు. పొయ్యిలో కాలుస్తారు. అన్నీ కలిపినా మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటది. మనం తీసే ప్రతి గీతా, కొట్టే ప్రతి రుబ్బింగ్ కాంపౌండూ ఆ పదో వంతులోంచే పోద్ది. పాలిష్ వేరు, వ్యాక్స్ వేరు. పాలిష్ రంగుని కాస్త అరగదీసి మెరిపిస్తది. వ్యాక్స్ రంగు మీద ఇంకో పల్చటి పొర వేస్తది. నేను ఎనిమిదేళ్లు వ్యాక్స్ అనుకుని పాలిష్ కొట్టా.

తుప్పుకి తడి, గాలి చాలు. ఉప్పు తోడైతే పరుగెత్తుద్ది. మంచు పడే దేశాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, దాంతో అక్కడి బండ్లు కింద నుంచి తినేసినట్టు అయిపోతాయి. అందుకే వాళ్లు కిందే ముందు పూస్తారు. మనకి మంచు లేదు కదా అనుకుంటాం. కానీ మనం ఉప్పుని బస్తాల్లో కొనుక్కుని తొట్టిలో పోసుకుంటున్నాం. ఎర్ర పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. వంటుప్పులో ఇనుముని తినే క్లోరైడే దీంట్లోనూ ఉంది. బస్తా కన్నంలోంచి కారిన నాలుగు గింజలు మ్యాట్ కిందికి చేరి, గాల్లో తేమ లాక్కుని, ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటే ఏమవుద్ది? నా బండికి అయిందే అవుద్ది. పైగా మన నల్లరేగడి. చాసిస్ మూలల్లో, మడ్‌గార్డు లోపల ఒకసారి పట్టిందంటే నీళ్లు పీల్చుకుని తడిగుడ్డ చుట్టినట్టు ఉంటది. పైన ఎండినట్టు కనబడుద్ది, లోపల తడే.

ఆ బండికి తొట్టి కొత్త రేకు వేయించి ఏడాదిన్నర నడిపా. అమ్మబోతే, కొనేవాడు బయట రంగు వంక కూడా చూళ్లేదు, పాకుతూ కిందికి పోయాడు. పైకి లేచి చెప్పిన రేటు ఇక్కడ రాయలేను.

2025లో మిర్చి రేటు ఎట్టా పడిందో మీకు నేను చెప్పక్కర్లేదు. క్వింటాకు 11,781 రూపాయలని కేంద్రం ప్రకటించుకోవాల్సి వచ్చిందంటే చూసుకోండి. ఆ ఏడాది కొత్త బండి అనుకోలేదు. సెప్టెంబరు 22 నుంచి గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గేసరికి, పాతది ఎట్టాగూ పోయింది కదా అని ధైర్యం చేశా. మూడొంతులు ఫైనాన్సే.

షోరూంలో తాళాలు ఇచ్చేముందు ఒక కుర్రాడు కాయితం పట్టుకొచ్చాడు. టెఫ్లాన్ కోటింగ్ అంట, 6,500 అంట, మూడేళ్లు రంగుకి ఏమీ కాదంట. ఏ షోరూమో పేరెందుకు, అన్నిచోట్లా ఇదే తంతు. టెఫ్లాన్ దోసె పెనానికి అంటుకోవాలంటే మూడొందల డిగ్రీలు దాటిన పొయ్యిలో కాల్చాలి. అంత వేడి పెడితే బండి రంగే మాడిపోద్ది. కాబట్టి గుడ్డతో పూసి తుడిచేది ఏ పేరుతో అమ్మినా ఒక రకం వ్యాక్సే. "కింద ఏమన్నా పూస్తారా బాబూ?" అని అడిగా. "కింద ఎవరు చూస్తారు సార్?" అన్నాడు. వాడి తప్పు కాదులే, నేనూ ఎనిమిదేళ్లు అదే అనుకున్నా.

మేమందరం దండ వేసి ఫోటోలు దిగుతుంటే మా నాయన కనపళ్లేదు. చూస్తే పంచె ఎగ్గట్టి బండి కింద తల పెట్టి చూస్తున్నాడు. డెబ్బై నాలుగేళ్లు ఆయనకి. ఎడ్లబండి తోలిన మనిషి. ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన చేసి, చక్రం ఊడదీసి ఇరుసుకి పూసిన చేతులు. బండి పలకలకి ఏడాదికోసారి కింద వైపు నుంచి తారు పూసేవాడు, పైన రంగు వేసింది నేనెప్పుడూ చూళ్లేదు. లేచి, "రేకు మడతల్లో ఉత్తి రంగే ఉందిరా, ఇంకేం లేదు" అన్నాడు.

ఆ 6,500కి ఇంకొంచెం కలిపి చిలకలూరిపేటలో ఒక పెయింటింగ్ షెడ్డుకి తీసుకుపోయా. చేయించింది ఇదీ. చాసిస్‌కి, మడ్‌గార్డు లోపలికి రబ్బరులాంటి నల్లటి అండర్ కోటింగ్. పెట్టెల్లా ఉండే చాసిస్ భాగాల్లోకి సన్న ట్యూబు దూర్చి మైనంలాంటి ద్రవం స్ప్రే. నీళ్లు కారే కన్నాలుంటాయి, అవి మూసుకుపోకుండా దగ్గరుండి చూసుకోవాలి. మూసుకుపోతే లోపల నీళ్లు నిలిచి, పూయకముందు కంటే ఘోరం అవుద్ది. తొట్టి నేలకి మందంగా బెడ్ పెయింట్. అక్కడ వ్యాక్స్ పూసి లాభం లేదు, ఒక్క బస్తా ఈడిస్తే పోద్ది.

ఇంకోటి. మనం బండి రాగానే వెల్డింగ్ షాపుకి పోయి టిక్కీలు ఎత్తుగా పేర్చడానికి పైపులు, తాడు కట్టడానికి హుక్కులు కొట్టిస్తాం. వెల్డింగ్ పెట్టిన చోట ముందు వైపు రంగు కనబడుద్ది, వేస్తారు. వెనక వైపు ఫ్యాక్టరీ పూత కాలిపోయి ఉత్తి ఇనుము మిగులుద్ది. నా పాత బండికి మొదటి తుప్పు అక్కడే పుట్టిందని రేకు మార్చిన మేస్త్రీ చూపించాడు. ఈసారి పైపులు బోల్టులతో వేయించా, ప్రతి కన్నానికీ ప్రైమర్ పూయించాకే బోల్టు బిగించనిచ్చా. ఆ మేస్త్రీ నన్ను రెండుసార్లు తిట్టుకున్నాడు, వినపడింది.

కాలిన ఇంజన్ ఆయిల్ కింద కొట్టిస్తే చాలదా అని అడుగుతారు. తుప్పు ఆపుద్ది గానీ రబ్బరు బుష్‌లని ఉబ్బదీసి పాడుచేస్తది, కారింది కారినట్టు మన చేలోకే పోద్ది. నేను కొట్టించలా.

ఇక పైన పూసిన వ్యాక్స్, మీరు అడిగింది. బ్రెజిల్‌లో కార్నూబా అని ఒక తాటి జాతి చెట్టుంది, దాని ఆకుల మీద ఎండకి తట్టుకోడానికి మైనం పుడుద్ది. ఆ మైనం కరగాలంటే 80 డిగ్రీలు దాటాలి. అది కలిసిన డబ్బా వ్యాక్స్ తెచ్చా, అయిదొందల లోపే. ఫ్యాక్టరీ రంగు కాల్చి ఉంటది కాబట్టి కొత్త బండికి ఆ రోజే పూయొచ్చు. షెడ్డులో మళ్లీ రంగు వేయించిన బండికి మాత్రం నెలా రెండు నెలలు ఆగాలి, లోపలి తిన్నర్ ఆవిరి బయటికి పోవాలి.

చెట్టు నీడ కాదు, రేకుల షెడ్డు నీడ. పొద్దున్నే, రేకు చల్లగా ఉన్నప్పుడు. కడిగి ఆరాక చేతికి పాలిథిన్ కవరు తొడిగి నిమరండి, ఉత్తి చేతికి తెలియని గరుకు తెలుస్తది. షోరూం యార్డులో నెలలు ఎండిన బండికి ఆ గరుకు ఉంటది. దాన్ని తీసే జిగట మట్టి ముద్ద కారు సామాన్ల కొట్లో దొరుకుద్ది. తర్వాత ఒక్కో డోరు చొప్పున పల్చగా పూసి, వేలితో రాస్తే శుభ్రంగా వచ్చేదాకా ఆగి తుడవటమే. మందంగా పూస్తే ఎక్కువ రోజులు ఉండదు, చెయ్యి నొప్పి తప్ప. నల్ల ప్లాస్టిక్ మీద పడితే తెల్లమచ్చ పోదు. తుడవటానికి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ తెచ్చా. అది పాలిస్టర్ అంట. పత్తి పండించేవాడు పాలిస్టర్ కొనుక్కొచ్చాడని మా ఆవిడ ఇంకా నవ్వుతంది.

మూడేళ్లు కాదు, మన ఎండల్లో రెండు మూడు నెలలు. రెంటచింతల వైపు వాళ్లకి వేసవిలో ఇంకా తక్కువనుకోండి. నీళ్లు పోస్తే ముత్యాల్లా నిలబడినంత కాలం ఉన్నట్టు, పరుచుకుపోతే అయిపోయినట్టు. సర్ఫ్‌తో కడిగితే నాలుగు కడుగుళ్లకే పోద్ది. దర్శి, పొదిలి వైపు బోరు నీళ్లయితే కడిగాక ఎండలో వదలొద్దు, తుడిచేయండి, లేకపోతే తెల్లమచ్చలు గడతాయి. పెదకాకానిలో పూజకి ముందు రోజే వ్యాక్స్ పూసి తీసుకుపోయా. పసుపు, కుంకుమ రెండో రోజు తడిగుడ్డకే వచ్చేశాయి. పక్కన నిలబెట్టిన తెల్ల కారుకి కుంకుమ చార దిగింది, పాపం. మిర్చి లోడుకి పట్టా కప్పితే అంచులు గట్టిగా బిగించండి. యార్డు దాకా గాలికి కొట్టుకుంటూ పోతే, మధ్యలో దుమ్ముతో అది ఉప్పుకాయితంలా రంగుని గీకుద్ది.

తొట్టికి మాత్రం ఇప్పుడు మ్యాట్ లేదు. ఎరువు తెచ్చే రోజు ప్లాస్టిక్ పట్టా పరుస్తా, దించగానే తీసేసి నీళ్లు కొట్టి, వెనక డోరు తెరిచి ఏటవాలుగా నిలబెడతా. ఆదివారం ఆదివారం కింద నీళ్లు కొట్టి రేగడి వదిలిస్తా. పైన వ్యాక్స్ నవంబరు తర్వాత మళ్లీ పూయలా, తీరికలేక.

మొన్న మొదటి కోత పెట్టాం. అక్క కూడా వచ్చింది. పిక్క మీద మచ్చ అట్టాగే ఉంది. గోతాలు అందుకోడానికి తొట్టి దగ్గరికొచ్చి, "మ్యాట్ ఏదీ?" అంది. తీసేశానని చెప్పా. ముందు చేతిలో కర్రతో నేలని నాలుగు చోట్ల కొట్టింది, తర్వాత కాలు పెట్టి అదిమి చూసింది, అప్పుడు ఎక్కింది. దిగేటప్పుడు, ఆ మిగిలిన నెల కూలి మొదటి లాటు డబ్బులు రాగానే ఇస్తానక్కా అన్నా.

"చూద్దాంలే తమ్ముడూ" అంది.