గోధుమచేలో పెరిగిన చెయ్యి

క్రికెట్ తప్ప మరో ఆట ఉందంటే ఒప్పుకోని మన హాస్టల్లో బేస్‌బాల్ మీద వ్యాసం రాస్తానంటే, సావనీర్ పనులు చూస్తున్న మిత్రుడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరు చదువుతారోయ్!" అన్నాడు. చదవకపోతే పోనీ. నేను రాయబోయేది సగం ఆట గురించి, సగం ఒక రైతు కొడుకు కుడిచేతి గురించి. ఆ రైతు కొడుకు పేరు బాబ్ ఫెల్లర్.

ఈయనతో నాకు పరిచయం ఫిజిక్స్ క్లాసు పుణ్యమా అని కలిగింది. గిర్రున తిరుగుతూ పోయే బంతి గాలిలో ఎందుకు వంగుతుందో చెబుతూ, మాగ్నస్ ప్రభావానికి ఉదాహరణగా మా లెక్చరర్ గారు బేస్‌బాల్ వంపు బంతిని చెప్పారు. అటువంటి బంతులు వేసిన మహానుభావులెవరా అని చదువుతూ పోయి, ఫెల్లర్ దగ్గర ఆగిపోయాను.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడే. కాని పరుగెత్తుకుంటూ రాడు, చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి విసురుతాడు. బంతి నేలమీద పడి లేవదు, గాలిలోనే బ్యాట్ దాకా పోతుంది. మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ ఇంటికే, దాన్ని స్ట్రైకౌట్ అంటారు. ఆట మొత్తంమీద ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా దక్కనివ్వకపోతే అది నో హిట్టర్. పిచ్చర్ జన్మకు ఒక్కసారి దొరికినా చాలు అనుకునే సంగతి అది. ఫెల్లర్ మూడు వేశాడు.

1946లో వాషింగ్టన్‌లోని ఒక మైదానంలో, సైన్యంవారు తుపాకి గుళ్ల వేగం కొలిచే యంత్రం తెచ్చి ఈయన బంతిని కొలిచారు. గంటకు 98.6 మైళ్లు తేలింది, అంటే సుమారు 159 కిలోమీటర్లు. కాగితం తీసుకుని లెక్క వేసి చూడండి. బంతి చెయ్యి దాటాక బ్యాటర్‌కి మిగిలేది సుమారు 0.4 సెకను. ఆ లోపల చూడాలి, తేల్చుకోవాలి, బ్యాట్ తిప్పాలి. అంతకుముందు ఒకసారి పోలీసు మోటారు సైకిల్‌తో కూడా ఈయన బంతికి పందెం పెట్టారు. మన సాపేక్ష వేగం లెక్కలకు ఇంతకంటే సరదా అయిన ఉదాహరణ ఏ పుస్తకంలోనైనా ఉందా చెప్పండి!

అయితే నన్ను పట్టుకున్నది ఈ అంకెలు కాదు.

ఫెల్లర్ 1918 నవంబరు 3న అయోవా రాష్ట్రంలో వాన్ మీటర్ అనే పల్లె దగ్గర పుట్టాడు. ఆవులు పాలు పితకడం, పందులకు మేత వేయడం, నీళ్లు మొయ్యడం, మొక్కజొన్న కండెలు విరవడం ఇవీ చిన్ననాటి వ్యాయామాలు. తండ్రి బిల్ ఫెల్లర్ రైతు. కొడుకు చేతిలో ఏదో ఉందని కనిపెట్టినవాడు ఆయనే. సాయంత్రం పనులు ముగిశాక తానే క్యాచర్‌గా కూర్చునేవాడు. చలికాలంలో బయట మంచు పడుతుంటే పశువుల కొట్టంలోనే సాధన. ఒకసారి తండ్రి వంపు బంతి కోసం కాచుకుని ఉంటే కొడుకు నేరుగా వేగం బంతి విసిరాడట, పాపం ఆయన పక్కటెముకలు విరిగాయి. అయినా సాధన ఆగలేదు. పొలంలో కొంత చదును చేసి ఏకంగా ఒక మైదానమే కట్టాడు, జట్లు వచ్చి ఆడటానికి.

అన్నిటికంటే పెద్ద పని మరొకటి చేశాడు. మొక్కజొన్న తగ్గించి గోధుమ వేశాడు. కారణం? గోధుమకు చాకిరీ తక్కువ. కొడుక్కి ఆడుకునే తీరిక దొరుకుతుంది.

ఈ వాక్యం చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మాది పల్నాడు. నేను ఇంటర్ చదివేదాకా మాకు మూడెకరాల మిర్చి. జనవరి దాటితే కోతలు, కల్లంలో ఆరబెట్టడాలు, రాత్రి కాపలా. కల్లం పక్కన మంచం వేసుకుని లాంతరు వెలుగులో కెమిస్ట్రీ చదివిన ఘాటు ఇంకా నా ముక్కులో ఉంది. నేను ఇక్కడ చేరిన ఏడే నాయన మిర్చి మానేసి శనగ వేశాడు. శనగకు మనుషులు పెద్దగా అక్కర్లేదు, చివర్లో మిషను వచ్చి కోసిపోతుంది. మిర్చికి మంచి ధర పలికిన ఏడు ఊళ్లోవాళ్లు నాయన్ని చూసి నవ్వారు కూడా. "ఎందుకు మానేశావు నాయనా" అంటే "కూలోళ్లు దొరకట్లేదురా" అన్నాడు. నిజమే కావచ్చు. కూలివాళ్లు ఊళ్లో ఎవరికీ దొరకట్లేదు. మిర్చి మాత్రం అందరూ వేశారు.

మార్చిలో పరీక్షలు. ఆ మార్చిలో గాని, తరవాతి మార్చిలో గాని, "ఒకసారి వచ్చి పో" అని మా ఇంటినుంచి కబురు రాలేదు.

సరే, నా సంగతికేం గాని, ఫెల్లర్ దగ్గరికి వద్దాం. 1935లో క్లీవ్‌లాండ్ జట్టువాళ్లు ఈ కుర్రాణ్ణి ఎంతకు కుదుర్చుకున్నారో తెలుసా? ఒక డాలరు, ఆటగాళ్లు సంతకాలు చేసిన ఒక బంతి. ఆ ఒప్పందం నిబంధనల ప్రకారం జరగలేదని తరవాత పేచీ వచ్చింది. కాదనుకుంటే వేరే జట్లు ఎన్నో రెట్లు గుమ్మరించేవి. తండ్రీకొడుకులు మాత్రం క్లీవ్‌లాండ్‌నే పట్టుకుని ఉన్నారు. నన్నడిగితే ఇది వ్యాపారం తెలియకపోవడం కాదు. మాట ఇచ్చాక ధర పెరిగిందని గింజలు వేరే షావుకారికి తోలని రైతులు మా ఊళ్లోనూ ఉన్నారు.

1936 ఆగస్టు 23న మొదటిసారిగా ఆట ఆరంభించి 15 మందిని స్ట్రైకౌట్ చేశాడు. సెప్టెంబరు 13న 17 మందిని. అప్పటికి వయసూ పదిహేడే! ఆ తరవాత ఏం చేశాడనుకున్నారు? బుద్ధిగా వాన్ మీటర్ వెళ్లి హైస్కూలు ఆఖరి సంవత్సరం చదువుకున్నాడు. 1937లో ఆ పల్లెటూరి బడి పట్టాల పండగ దేశమంతా రేడియోలో విన్నది.

ఇక అక్కణ్ణించి పంట విరగకాసినట్టే. 1939లో 24 గెలుపులు, 1940లో 27, 1941లో 25. 1940 ఏప్రిల్ 16న, సీజను మొదటి రోజునే నో హిట్టర్. మధ్యలో ఒక చేదు ముచ్చట: 1939 మే 14 అమెరికాలో మాతృదినం. షికాగోలో కొడుకు ఆట చూడటానికి తల్లి వచ్చి కూర్చుంది. ఫెల్లర్ వేసిన బంతినే బ్యాటర్ పక్కకు కొడితే అది సరాసరి వెళ్లి ఆమె ముఖానికే తగిలింది. కళ్లద్దాలు పగిలి కుట్లు పడ్డాయి. కొడుకు ఆట పూర్తిచేసి, గెలిచి, ఆసుపత్రికి పరుగెత్తాడు. మిగిలిన ఆ బంతులన్నీ ఏ మనసుతో వేసి ఉంటాడో!

1941 డిసెంబరు 7న, కొత్త ఒప్పందం మాట్లాడుకోవడానికి కారులో షికాగో పోతుంటే పెర్ల్ హార్బర్ వార్త రేడియోలో వచ్చింది. మర్నాడే నౌకాదళంలో చేరాడు. వయసు 23, అప్పటికే 107 గెలుపులు. తండ్రి మెదడులో క్యాన్సర్‌తో మంచాన ఉన్నాడు, ఇంటికి దిక్కు తానే కనక మినహాయింపు దొరికేదే. అయినా చేరాడు. మొదట సిపాయిలకు వ్యాయామం నేర్పే పని ఇస్తే, కాదు ఓడ మీదికి పంపండని అడిగాడు. అలబామా అనే యుద్ధనౌకలో విమాన విధ్వంసక తుపాకి దళానికి నాయకుడయ్యాడు. 1943 జనవరిలో తండ్రి పోయాడు.

1942, 43, 44 పూర్తిగా, 45లో చాలాభాగం పోయాయి. పిచ్చర్ చేతికి అవే పంటకాలం రోజులు. ఆయన జీవితకాలపు లెక్క 266 గెలుపులు, 2,581 స్ట్రైకౌట్లు. ఆ నాలుగేళ్లూ ఉంటే 350 దాటేవాడని లెక్కలు కట్టేవాళ్లు కట్టారు. మా రూమ్మేటూ కట్టాడు, గ్రాఫు గీసి మరీ. నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. ఆ ఏళ్లలో చెయ్యి అరిగిపోయి ఉండవచ్చు కూడా. ఫెల్లర్ మాత్రం ఆ ఏళ్లకు విచారించలేదు. తనను వీరుడంటే ఒప్పుకునేవాడు కాదు, తిరిగి రానివాళ్లే వీరులనేవాడు.

తిరిగి వచ్చాక 1946లో వేసిన సేద్యం చూడండి: 371 ఇన్నింగ్స్, 348 స్ట్రైకౌట్లు. ఈనాటి పిచ్చర్లు 200 ఇన్నింగ్స్ వేస్తే గొప్ప. మరుసటేడు దెబ్బలు తగిలి ఆ మెరుపు వేగం తగ్గింది. తగ్గాక వంపు బంతుల మీద, బుర్ర మీద ఆధారపడి బతికాడు. 1951లో మూడో నో హిట్టర్ అలా వచ్చిందే.

పొగడ్తలే రాస్తే ఇది వ్యాసం కాదు, సన్మానపత్రం అవుతుంది. జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు పెద్ద లీగులో నిలబడలేడని 1945లో ఈయన అన్నాడు. ఎంత తప్పు మాటో చరిత్ర చూపించింది. 1962లో గౌరవ మందిరంలో ఆ ఇద్దర్నీ ఒకే రోజు పక్కపక్కన నిలబెట్టారు. కాలం ఒక్కోసారి ఇలా చమత్కారం చేస్తుంది.

ఇంకో వెలితి ఉంది. వరల్డ్ సిరీస్‌లో ఫెల్లర్ ఒక్క ఆటా గెలవలేదు. 1948లో జట్టు గెలిచింది, ఈయన వేసిన రెండూ పోయాయి. మొదటిది 1-0 తేడాతో, అదీ ఒక అంపైర్ తీర్పు మీద ఇప్పటికీ తగువు నడుస్తున్న ఆట. 1954లో జట్టు మళ్లీ అక్కడిదాకా పోయింది. ఈసారి ఆయనకు బంతే ఇవ్వలేదు. 1956లో మానుకున్నాడు.

2009 జూన్ 21న, కూపర్స్‌టౌన్‌లో పాత ఆటగాళ్ల ప్రదర్శన ఆటలో, తొంభయ్యేళ్ల వయసులో మళ్లీ దిబ్బ ఎక్కి కొద్దిమందికి బంతులు వేశాడు. అమెరికావాళ్ల క్యాలెండరులో అది తండ్రుల దినం. మరుసటేడు డిసెంబరు 15న కన్నుమూశాడు.